పాత ఆయిల్ పెయింటింగ్‌ను ఇంట్లో బాగుచేయడం: బూజు, చిరుగు, లేస్తున్న రంగు

కోనసీమ లోగిలి

మా ఇంట్లో ఒక పెద్దాయన బొమ్మ, ఆయిల్ పెయింటింగ్, ఉంది. దాని గురించి సలహా కావాలి. కొలత 24 × 18 అంగుళాలు. కింద కుడి మూల 1948 అని ఉంది, సంతకం చదవడానికి రావడం లేదు.

పరిస్థితి ఇదీ. ముఖమంతా పసుపెక్కి గోధుమరంగుకు తిరిగింది. నల్లకోటు మీద అక్కడక్కడా తెల్లటి పొర. ఎడమ భుజం దగ్గర మూల తిరిగిన చిరుగు, 3 సెం.మీ. ఉంటుంది. కింది అంచు పొడవునా రంగు పెచ్చులుగా లేస్తోంది. వానాకాలంలో బట్ట వదులై అలలు పడుతోంది. బట్టను బిగించిన వెనక చెక్క చట్రంలో ఒక కమ్మీకి సన్నటి రంధ్రాలు, కింద పిండిలా రాలుతోంది.

తడిబట్టతో తుడవమని ఒకరు, కోసిన బంగాళాదుంపతో రుద్దమని ఒకరు, కొబ్బరినూనె పల్చగా రాస్తే రంగు తేలుతుందని ఇంకొకరు చెబుతున్నారు. వీటిలో ఏది చేయొచ్చు? ఇంట్లో ఎంతవరకు చేసి ఎక్కడ ఆపాలి?

రంగులగూడు

ఆ మూడూ వద్దండి.

నూనె రాయగానే రంగు తేలినట్టు కనిపించే మాట నిజమే. పొడిబారిన పొర ఏది తడిపినా ముదురుగానే కనిపిస్తుంది. కొబ్బరినూనె ఎప్పటికీ ఆరదు, జిడ్డుగా నిలిచి దుమ్మంతా పట్టుకుంటుంది. అవిసె నూనె ఆరుతుంది గానీ కొన్నేళ్లకు గోధుమరంగు పొరగా గట్టిపడుతుంది. అప్పుడు దాన్ని కరిగించే మందు ఏదైనా కింది రంగును కూడా కరిగిస్తుంది, ఎందుకంటే రెండూ ఒకటే నూనె. బంగాళాదుంప ముక్క వదిలే పిండి పగుళ్లలో మిగిలి బూజుకు మేత అవుతుంది. ఇక తడిబట్ట సంగతి: బట్టకూ రంగుకూ మధ్య జంతువుల తోలు, ఎముకల నుంచి తీసిన జిగురు పూత ఒకటి ఉంటుంది. పగుళ్ల గుండా నీళ్లు అక్కడికి చేరితే జిగురు ఉబ్బుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, పై రంగు పెచ్చులుగా లేస్తుంది.

వీటన్నిటికన్నా ముందు తేల్చాల్సింది ఇంకొకటి ఉంది. అది నిజంగా ఆయిల్ పెయింటింగేనా? మన ఇళ్లలో ఆ పేరుతో వేలాడే పటాల్లో మూడు జాతులున్నాయి.

ఒకటి, బట్ట మీద నేరుగా వేసిన బొమ్మ. రెండోది, ఫొటో స్టూడియోల్లో బ్రోమైడ్ కాగితం మీద ఫొటోను పెద్దది చేసి, దాన్ని బట్టకో అట్టకో అంటించి, పైన ఆయిల్ రంగులు వేసినది. స్వర్గస్తులైన పెద్దల బొమ్మలు ఇలాంటివి చాలా ఉంటాయి. దీనిలో రంగు కింద ఉన్నది జెలటిన్ అనే జిగురు పొర. ఒక్క తడి దూది చాలు, జెలటిన్ మెత్తబడి ముఖం ముఖమే లేచి వస్తుంది. మూడోది ఓలియోగ్రాఫ్, అంటే రాతి అచ్చు మీద ముద్రించి వార్నిష్ పూసిన కాగితం. 1894లో బొంబాయిలో మొదలైన రవివర్మ ప్రెస్ నుంచి వచ్చినవి ఈ కోవలోవే.

తేల్చే పద్ధతి: పటాన్ని ఫ్రేములోంచి తీసి బల్ల మీద పడుకోబెట్టండి. గది చీకటి చేసి టార్చిని బొమ్మకు ఆనుకున్నంత పక్కగా పెట్టి వెలుగు పారించండి. కుంచె గీతలు గట్లు గట్లుగా నీడలు వేస్తే, అంచుల్లో తెల్లటి ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) నేరుగా బట్ట మీద కనిపిస్తే, మొదటి రకం. కోటు మీద మాత్రమే కుంచె గీతలు ఉండి ముఖం నున్నగా ఉంటే, రంగు పడని చోట బూడిద రంగు ఫొటో ఛాయ కనిపిస్తే, అంచున కాగితం పొర ఉంటే, రెండో రకం. 10 రెట్ల భూతద్దంలో రంగంతా సన్నటి చుక్కలుగా విడిపోతే మూడోది. రెండు, మూడు రకాలకు పొడి కుంచె తప్ప ఇంట్లో మరేమీ తాకించకూడదు.

కోనసీమ లోగిలి

చూశాను. ముఖం మీద కూడా గీతలు ఎత్తుగా ఉన్నాయి, మడత అంచుల్లో తెల్ల పూత బట్ట మీదే ఉంది, కాగితం లేదు. కాబట్టి మొదటి రకమే. మేకులన్నీ తుప్పు పట్టాయి. తెల్ల పొర బూజేనా?

చెమ్మగాలి

భూతద్దంలో చూడండి. బూజైతే గుండ్రటి మచ్చలుగా, సాలెగూడు పోగుల్లా ఉంటుంది, వెనక బట్ట మీద కూడా సాధారణంగా ఉంటుంది. పోగులేవీ లేకుండా అద్దం మీద ఆవిరి పట్టినట్టు సమంగా ఉంటే అది వార్నిష్‌లోకి చెమ్మ చేరి పొగమంచులా తెల్లబడటం. పొడి పట్టుగుడ్డతో ఒక మూల చాలా తేలిగ్గా రాసి చూడండి, కొన్నిసార్లు అంతటితో పోతుంది. పెచ్చులు లేచిన కింది భాగం దగ్గరికి మాత్రం గుడ్డ పోనివ్వకండి.

బూజే అయితే ముందు బొమ్మను మిగతా పటాలకు దూరంగా, గాలి ఆడే నీడగదిలో ఒక వారం ఆరనివ్వండి. ఎండలో పెట్టొద్దు. ఎండకు బట్ట ఒక్కసారిగా బిగిసి పగుళ్లు పెరుగుతాయి. తడి బూజును కుంచెతో తాకితే నలిగి రంగులోకి ఇంకుతుంది, ఎండిన బూజు పొడిగా రాలుతుంది. అందుకే ఆరడం ముఖ్యం. తర్వాత ఎన్95 మాస్కు వేసుకుని, వరండాలో, మెత్తటి మేకవెంట్రుకల కుంచెతో, వాక్యూమ్ క్లీనర్ గొట్టం మూతికి దోమతెర గుడ్డ కట్టి, కుంచె రాల్చిన దాన్ని అది పీల్చేలా పట్టుకోండి. గొట్టం బొమ్మకు తగలకూడదు, 5 సెం.మీ. దూరం చాలు. వాడిన కుంచెను వేరే పటానికి వాడొద్దు.

ఫినాయిలు, డెటాల్, కర్పూరం, బ్లీచింగ్ ఏదీ వద్దు. బూజు చచ్చినా గాలిలో తేమ 65 శాతం దాటి నిలిస్తే మళ్లీ వస్తుంది. గోడ మీద 300, 400 రూపాయల తేమ మీటరు ఒకటి పెట్టి నెల రోజులు రాసుకోండి, అసలు రోగం అక్కడ తెలుస్తుంది.

దూదిపుల్ల

వెనక వైపు దుమ్ము ముందు తీయండి, ముఖం తర్వాత. వెనక, కింది కమ్మీకీ బట్టకూ మధ్య సందులో దశాబ్దాల చెత్త పేరుకుంటుంది: గోడ సున్నం, సాలీడు గూళ్లు, ఊడిన మేకులు. అది ముందువైపు ఉబ్బుగా కనిపిస్తుంది, కింది అంచు రంగు లేవడానికి అది కూడా కారణం కావచ్చు. పోస్టుకార్డు మందం ఉన్న ప్లాస్టిక్ ముక్కను అంచులు గుండ్రంగా కత్తిరించి, సందులో మెల్లగా నడిపి బయటికి తీయండి. లోహపు గరిటె, స్క్రూడ్రైవరు వద్దు.

ఇక ముఖం వైపు మురికి. బజారులో దొరికే చెవి పుల్లలు వాడకండి, వాటి తల గట్టి, రంగును గీకుతుంది. వెదురు కబాబ్ పుల్ల తీసుకుని, పొడవు పోగులున్న దూదిని కొసకు పట్టించి, ఒత్తిని చేసినట్టు చుట్టండి. తల కందిగింజంత మెత్తగా, పుల్ల కొసకు రెండు మిల్లీమీటర్లు ముందుకు రావాలి. డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, బ్లాటింగ్ కాగితానికి అద్ది, తడి మిగిలీ మిగలనట్టుగా చేయండి. ఫ్రేము కప్పే అంచున 5 మిల్లీమీటర్ల చోటు ఎంచుకుని పుల్లను వేళ్ల మధ్య తిప్పుతూ ఒకే ఒక్క దొర్లింపు దొర్లించండి. రుద్దడం కాదు, దొర్లించడం. రుద్దితే మురికిలోని ఇసుక రేణువులు ఉప్పు కాగితం పని చేస్తాయి.

దూదిని పగటి వెలుగులో చూడండి. బూడిదరంగు, నలుపు వస్తే మురికి. పసుపు, గోధుమ వస్తే పొగ జిడ్డు కావచ్చు, వార్నిష్ కావచ్చు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ ఏమాత్రం కనిపించినా అక్కడే ఆపేయండి. ఒక్కో రంగుకూ విడిగా పరీక్ష ఉండాలి. చర్మం రంగు తట్టుకుంది గదా అని కోటు తట్టుకుంటుందని కాదు. ముదురు ఎరుపు, గోధుమ, నలుపు అన్నిటికన్నా ముందు కరుగుతాయి. పరీక్ష చేసిన చోటును 24 గంటలు వదిలి, తెల్లబారిందా, మెరుపు పోయిందా అని పక్క వెలుగులో చూసి అప్పుడు ముందుకు వెళ్లండి.

నీటికి కదలని జిడ్డు ఉమ్మికి కదులుతుంది. మ్యూజియం పనివాళ్లు కూడా వాడేదే. అందులోని అమైలేజ్ అనే ఎంజైము పనిచేస్తుంది, పైగా క్షారం కాదు. దూదిని నోట్లో తడిపి దొర్లించాలి, వాడినది మళ్లీ నోట్లో పెట్టకూడదు. అన్నం, కాఫీ తర్వాత కాకుండా నోరు పుక్కిలించి మొదలుపెట్టండి. వెంటనే నీటి దూదితో రెండుసార్లు, పొడి దూదితో ఒకసారి. ఒక దఫాకు 2 సెం.మీ. చదరం మించొద్దు. 24 × 18 బొమ్మకు ఇలా చేస్తే వందల పుల్లలు అవుతాయి, అంత పట్టాల్సిందే.

రంగులగూడు

దూదిపుల్ల గారు చెప్పిన పద్ధతి సరైనదే. ఒక్క సవరణ. 20వ శతాబ్దపు ట్యూబు రంగుల్లో కొన్ని, వార్నిష్ లేకుండా ఉంటే, వట్టి నీటికే కరుగుతాయి. రంగులో కలిపిన మెగ్నీషియం కార్బనేట్ గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్‌తో కలిసి నీటిలో కరిగే లవణంగా మారడం దానికి ఒక కారణం. 1948 బొమ్మ కాబట్టి ముందు వార్నిష్ ఉందో లేదో చూడాలి.

365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి దొరుకుతుంది. చీకట్లో దాని వెలుగు పారిస్తే చెట్టు బంకతో చేసిన పాత సహజ వార్నిష్ ఆకుపచ్చటి పొగలా మెరుస్తుంది. లక్క వార్నిష్ నారింజ రంగులో మెరుస్తుంది. ఎవరో తర్వాత దిద్దిన చోట్లు నల్లటి మచ్చలుగా కనిపిస్తాయి. కంటికి రక్షణ అద్దాలు పెట్టుకోండి. మెరుపే లేకపోతే వార్నిష్ లేదనుకుని నీళ్ల జోలికి వెళ్లకుండా పొడి కుంచెతో ఆపేయడం మేలు.

కోనసీమ లోగిలి

మీరు చెప్పిన టార్చితో చూశాను. ముఖం, కోటు అంతా ఆకుపచ్చగా మెరిసింది. ఎడమ చెంప మీద రూపాయి బిళ్లంత నల్ల మచ్చ కనిపించింది, మామూలు వెలుగులో అది అసలు తెలియదు. వార్నిష్ తీస్తే పసుపు పోతుంది కదా? ఎసిటోన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడమని వీడియోలలో ఉంది.

రంగులగూడు

ఇంట్లో వద్దు. ఇక్కడే ఆపాలి.

వీడియోలో ఒక్క దూది తుడుపుకే పసుపు పోయి తెల్లటి చర్మం బయటపడుతుంది, చూడటానికి బాగుంటుంది. కనిపించనిది ఏమిటంటే, డమ్మార్ అనే చెట్టు బంక వార్నిష్ కరిగే ఆల్కహాలుకే చాలా ఆయిల్ రంగులు కూడా ఉబ్బుతాయి. ముఖంలో బుగ్గల ఎరుపు, గడ్డం కింది నీడ లాంటివి చివర్లో రంగులో వార్నిష్ కలిపి పల్చటి తెరలా వేసే చిత్రకారులు ఎక్కువ. అవి వార్నిష్‌తో పాటే వెళ్లిపోతాయి. తర్వాత ముఖం తెల్లగా ఉంటుంది, ప్రాణం ఉండదు. ఆ పోయినదాన్ని తిరిగి తెచ్చే మందు లేదు. ప్రయోగశాలల్లో పెట్రోలియం స్పిరిట్‌లో ఆల్కహాలు 10 శాతం నుంచి మొదలుపెట్టి మెట్టుమెట్టుగా పెంచుతూ, మైక్రోస్కోపు కింద, ఏ మెట్టు దగ్గర వార్నిష్ కదులుతుందో రంగు కదలదో వెతుకుతారు. మీ చెంప మీది నల్ల మచ్చ కింద పాత గాయం ఉంది. ఆల్కహాలు తగిలితే ఆ దిద్దుబాటు ముందే ఊడిపోతుంది.

పైన మురికి, పొగ జిడ్డు తీస్తేనే కొంత గోధుమరంగు పోవచ్చు. దీపాల గదిలో వేలాడిన పటాల్లో మరీనూ.

చిత్రిక

చట్రం సంగతి. పిండి లేత రంగులో, కొత్తగా రాలుతుంటే పురుగు ఇంకా లోపల ఉన్నట్టు. నల్లకాగితం ఒకటి కింద పరిచి రెండు వారాలు చూడండి. ఏమీ రాలకపోతే పాత పుచ్చే. రాలితే బొమ్మ చట్రం మీద ఉండగా ఏ మందూ కొట్టకండి. చెక్కలో ఎక్కించిన చెదల మందు నూనె బట్టలోకి పాకి ముందువైపు మరకగా తేలుతుంది. పటాన్ని మిగతా చెక్కసామాను నుంచి వేరు చేసి ఉంచి, బట్ట విప్పి కొత్త చట్రానికి ఎక్కించాలి. ఆ పని రంగు పెచ్చులు కట్టడి అయ్యాకే. లేచిన రంగుతో బట్ట విప్పితే మడత దగ్గర రంగంతా రాలుతుంది.

కొత్త చట్రానికి బాగా ఆరిన టేకు, 2 అంగుళాల వెడల్పు. బట్ట వైపు లోపలి అంచును చిత్రికతో 3, 4 మిల్లీమీటర్లు వాలుగా చెక్కండి, లేకపోతే కమ్మీ అంచు గీత బొమ్మ మీద అచ్చు పడుతుంది. మూలలు జిగురుతో బిగించకుండా గాడి కీలుగా ఉంచి, బట్ట వదులైతే కొట్టి బిగించడానికి చెక్క చీలలు పెట్టాలి. తుప్పు మేకుల బదులు స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నులు. ఇనుప తుప్పు బట్ట పోగులను తినేస్తుంది, అందుకే పాత బొమ్మలు మేకు చుట్టూ చిరుగుతాయి.

వానాకాలంలో వదులైందని చీలలు కొట్టి బిగించకండి. చెమ్మకు జిగురు మెత్తబడి బట్ట వాలుతుంది, పొడి గాలికి అదే జిగురు బిగుసుకుంటుంది. ఆగస్టులో బిగించిన బొమ్మ తర్వాత ఏసీ గదిలోకి వెళ్తే పగులుతుంది. తేమ 50, 55 శాతం దగ్గర ఉన్న రోజుల్లో చూసి, అప్పుడూ వదులుంటేనే ఒక్కో చీలకు ఒక్క చిన్న దెబ్బ.

దూదిపుల్ల

పెచ్చులకు: జెలటిన్ 3 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్ 100 మి.లీ. అరగంట చల్లటి నీళ్లలో నాననిచ్చి, గిన్నెను వేడినీళ్లలో పెట్టి 50 డిగ్రీల దగ్గర కరిగించాలి. 60 దాటితే జిగురు బలం పోతుంది. పెచ్చు అంచున 0 నంబరు కుంచెతో ఒక చుక్క, దానంతటదే కిందికి పాకుతుంది. పాకకపోతే ముందుగా సగం నీళ్లు, సగం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్క చుక్క దారి చూపుతుంది. సిలికాన్ పూసిన కాగితం కప్పి, 100 గ్రాముల బరువు, రాత్రంతా.

చెమ్మగాలి

ఈ బొమ్మకు జెలటిన్‌తో నేను ఏకీభవించను. కోనసీమ గాలికి, ఇప్పటికే బూజు వచ్చిన బట్టలో జెలటిన్ ఎక్కిస్తే బూజుకు భోజనం వడ్డించినట్టే. ఆ దారి చూపే చుక్కలో కూడా ఆల్కహాలు ఉంది, వార్నిష్ మీద పడితే తెల్లటి మరక మిగులుతుంది. ఇలాంటి చోట సంరక్షకులు, అంటే పాత బొమ్మలను బాగుచేసే నిపుణులు, వాడేవి యాక్రిలిక్ ద్రావణాలు, లేదా 65 డిగ్రీల దగ్గర మెత్తబడే బేవా 371 అనే జిగురు. బేవాకు వేడి అదుపు చేసే చిన్న ఇస్త్రీ గరిటె కావాలి, మామూలు ఇస్త్రీపెట్టెతో రంగు కరిగి చదునైపోతుంది.

కోనసీమ లోగిలి గారూ, పెచ్చులు మీరు అతికించొద్దు. బొమ్మను ముఖం పైకి ఉంచి చదునుగా పడుకోబెట్టండి, నిలబెట్టకండి. రాలిన ప్రతి ముక్కనూ పట్టకారుతో తీసి చిన్న డబ్బాలో, ఎక్కడ దొరికిందో రాసి దాచండి. గోరంత ముక్క కూడా తిరిగి అతుకుతుంది.

దూదిపుల్ల

తేమ మాట ఒప్పుకుంటాను. తీరం దగ్గర జెలటిన్ వద్దు, ఆల్కహాలు చుక్క మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను.

ఊరవతల ఇల్లు

చిరుగుకు వెనక నుంచి బట్టముక్క, తెల్ల జిగురు పెట్టి అంటిస్తే సరిపోదా? ఇంకో ప్రశ్న, బాగయ్యాక ఇలాంటి బొమ్మను అమెరికా తీసుకురావచ్చా?

చిత్రిక

చెక్కపని తెల్ల జిగురు ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. ఏడాది తిరిగేసరికి ఆ ముక్క చదరం ముందువైపు ఉబ్బుగా తేలుతుంది. మళ్లీ తీయబోతే పోగులతో సహా వస్తుంది. సెల్లో టేపు ఇంకా ఘోరం, దాని జిగురు బట్టలోకి పాకి పసుపు మరకవుతుంది. ప్లైవుడ్ మీద మొత్తం అంటించేయడం, మైనం పట్టించడం కూడా పాత అలవాట్లు, రెండూ వద్దు.

ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే: తెగిన పోగులు కత్తిరించకండి. అవి వంకరగా, చిందరవందరగా కనిపించినా ఒక్కో పోగును ఎదుటి పోగుతో కలిపి అతికే పద్ధతి ఉంది, అలా చేస్తే ముక్క అక్కర్లేకుండానే చిరుగు మూసుకుంటుంది. పోగు లేకపోతే ఆ పని జరగదు.

రంగులగూడు

తీసుకెళ్లే ప్రశ్నకు: 100 ఏళ్లు దాటిన పెయింటింగ్ 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువు, ప్రైవేటు మనుషులు దేశం దాటించకూడదు. రవివర్మ, అమృతా షేర్‌గిల్, నందలాల్ బోస్, జామినీ రాయ్ లాంటి కొందరి అసలు చిత్రాలు కళానిధులుగా ప్రకటించారు, వాటికి వయసుతో పనిలేదు. 1948 నాటి కుటుంబ చిత్రానికి ఆ అడ్డు లేదు గానీ, పాతగా కనిపించేదాన్ని విమానాశ్రయంలో ఆపుతారు. భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి పురావస్తువు కాదన్న ధ్రువపత్రం ముందే తీసుకోండి. చుట్టి తీసుకెళ్లకండి, 75 ఏళ్ల రంగు చుడితే పగులుతుంది. చట్రం మీదే, పెట్టెలో.

కోనసీమ లోగిలి

అయితే నేను చేయగలిగినవి వెనక దుమ్ము, పొడి బూజు, పెచ్చులు లేని పై భాగంలో ఉమ్మితో మురికి. మిగతాది సంరక్షకులకు. ఎక్కడికి పంపాలి? ఊడిన చోట్ల రంగు నేను వేయొచ్చా?

చెమ్మగాలి

బెంగళూరులో ఇంటాక్ (కళా, సాంస్కృతిక వారసత్వాన్ని కాపాడే జాతీయ సంస్థ) వారి సంరక్షణ కేంద్రం ఉంది, ప్రైవేటు వ్యక్తుల బొమ్మలు తీసుకుంటుంది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో సంరక్షణ విభాగం ఉంది, ఎవరి దగ్గరికి వెళ్లాలో అడగడానికి మంచి చోటు. ఎవరికిచ్చినా పని మొదలుపెట్టే ముందు రాతపూర్వకంగా పరిస్థితి నివేదిక, ఫొటోలు, ఏ మందులు వాడతారో అడగండి. కొత్తదానిలా చేసిస్తామన్నవాళ్లకు ఇవ్వొద్దు.

రంగు మీరు వేయొద్దు. ఊడిన చోట సుద్దపొడి పూడిక పెట్టి, అసలు రంగు మీదికి ఒక్క వెంట్రుక కూడా దాటకుండా, తర్వాత తీయగలిగే రంగులతో దిద్దాలి. ఆయిల్ రంగుతో దిద్దితే ఇవాళ కలిసిపోతుంది, ఐదారేళ్లకు ముదిరి మచ్చగా తేలుతుంది. మీ చెంప మీది దిద్దుబాటు మామూలు వెలుగులో తెలియకపోవడానికి పసుపెక్కిన వార్నిష్ దాన్ని కప్పడం ఒక కారణం కావచ్చు.

చిత్రిక

తిరిగొచ్చాక వేలాడదీసే గోడ ఇప్పుడే చూసుకోండి. వానకు తడిసే బయటి గోడ వద్దు, వంటింటి గోడ వద్దు, దీపం, అగరుబత్తి పొగ పైకి వచ్చే చోటు అసలు వద్దు. పటం కింది మూలల్లో వెనక 2 సెం.మీ. బిరడా ముక్కలు అంటిస్తే గోడకూ బొమ్మకూ మధ్య గాలి ఆడుతుంది. చట్రం వెనక గాడులున్న ప్లాస్టిక్ షీటు, ప్యాకింగుకు వాడే పల్చటిది, స్క్రూలతో బిగించండి, జిగురుతో కాదు. దుమ్మూ బల్లులూ లోపలికి పోవు, చెయ్యి తగిలినా బట్ట నొక్కుకోదు. పీవీసీ నురుగు బోర్డు మాత్రం వాడకండి, దాన్నుంచి ఆమ్లపు ఆవిరి వస్తుంది.

ప్రయాణానికి పంపేటప్పుడు బుడగల ప్లాస్టిక్ బొమ్మ ముఖానికి నేరుగా తగలనివ్వకండి, వేడికి ఆ బుడగల గుండ్రటి అచ్చులు వార్నిష్ మీద పడతాయి. ముఖానికి ఏదీ తగలకుండా నాలుగంచులా చెక్క రీపరుతో ఎత్తు చేసి, ముఖం పైకి ఉండేలా పెట్టెలో పడుకోబెట్టి, కారు వెనక సీటు మీద తీసుకెళ్లండి.

కోనసీమ లోగిలి

బొమ్మను ముఖం పైకి పెట్టి చదునుగా పడుకోబెట్టాను. కింది కమ్మీ సందులోంచి గుప్పెడు సున్నం పెచ్చులు, రెండు మేకులు వచ్చాయి. వాటిలో ఒక వైపు రంగున్న ముక్కలు నాలుగు కనిపించాయి, డబ్బాలో వేశాను.

చెమ్మగాలి

ఆ గుప్పెడు చెత్త కూడా పారేయకండి. తెల్లకాగితం మీద పరిచి భూతద్దంతో మళ్లీ వెతకండి. నల్లకోటు ముక్కలు సున్నంలో మట్టిబెడ్డల్లా కనిపిస్తాయి, తిరగేస్తే వెనక తెల్ల ప్రైమర్ ఉంటుంది.